పద్నాలుగో ఆధారం

మా ఆడపడుచు ఇప్పటికీ అడుగుతుంటుంది. "వదినా, ఇన్నేళ్ళు ఫిల్మ్ నగర్‌లో ఉద్యోగం చేశావు కదా, అసలు ఏం చేసేదానివి?" అని. ఫిల్మ్ నగర్ అనగానే సినిమా అనుకుంటారు. నేను పనిచేసింది డాక్టర్ల పత్రికలో. చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం ఒకటి మూడు నెలలకొకసారి ఇంగ్లీషులో తెచ్చే పరిశోధన పత్రిక అది. అందులో ప్రతి వ్యాసం చివర ఒక జాబితా ఉంటుంది. ఈ మాట ఫలానా వాళ్ళు, ఫలానా పత్రికలో, ఫలానా సంపుటిలో, ఫలానా పేజీలో రాశారు అని చూపించే ఆధారాల జాబితా. ఎవరూ చదవని ఆ జాబితాని సరిచేయడమే నా పని. చుక్క ఉండాల్సిన చోట చుక్క, కామా ఉండాల్సిన చోట కామా. "దానికి జీతం కూడా ఇచ్చేవారా?" అంటుంది మా ఆడపడుచు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికి జీతం ఇచ్చిన ఆఫీసు మాదొక్కటే అని ఆమె నమ్మకం.

ఇప్పుడు నా కుర్చీలో శిరీష అనే అమ్మాయి కూర్చుంటోంది. చురుకైన పిల్ల. నేను రిటైరయ్యేముందు, "మేడమ్, మీ అనుభవాలు జర రాసియ్యండి, కొత్తగ వచ్చెటోళ్ళకు పనికొస్తయి" అంది. నేనూ సంబరపడి నోటుబుక్కు కొన్నాను. ఏ శైలిలో పేరు ముందు, ఏ శైలిలో సంవత్సరం ముందు, పత్రిక పేరు ఎలా కుదించాలి, ఇవన్నీ వరసగా రాద్దామనుకున్నాను. రెండు పేజీలయ్యేసరికి విసుగొచ్చింది. అవన్నీ ఇప్పుడు కంప్యూటరే చేస్తోంది. నా బుర్రలో మిగిలింది ఒక్కటే కేసు. అందులో తప్పు ఎవరిదో ఇప్పటికీ నాకు తేలలేదు. తేలని విషయం కొత్తవాళ్ళకి చెప్పడం ఎంతవరకు న్యాయమో కూడా తెలియదు. అయినా రాస్తున్నాను.

ఎక్కడ?

ఈ పనికి నన్ను తయారుచేసింది మా నాన్న. గుంటూరు వైపు ఒక చిన్న ఊళ్ళో బడిపంతులు, చర్చి సంఘంలో పెద్ద. సాయంత్రం ప్రార్థనలో పిల్లలం తలా ఒక బైబిలు వాక్యం చెప్పాలి. వాక్యం చెప్పగానే సరిపోదు. నాన్న కళ్ళు మూసుకునే "ఎక్కడ?" అనేవారు. అధ్యాయం ఎంత, వచనం ఎంత, టక్కున చెప్పాలి. చెప్పలేకపోతే ఆ రోజు వాక్యం చెప్పినట్టు లెక్క కాదు, అన్నం ఆలస్యం.

ఒకరోజు నాకు వాక్యం గుర్తుంది, అంకెలు గుర్తులేవు. ఆకలి మాత్రం దంచేస్తోంది. ఏదో ఒక అధ్యాయం, ఏదో ఒక వచనం తడుముకోకుండా చెప్పేశాను. నాన్న తలూపి పక్కవాడి వైపు తిరిగారు. పుస్తకం తెరిచి చూడలేదు. ఆ రాత్రి నాకు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం. అంకెలు ధీమాగా చెబితే చాలు, ఎవరూ తెరిచి చూడరన్నమాట. పదేళ్ళ వయసులో తెలిసిన ఈ సంగతిని నేను ఉద్యోగంలో చేరిన రోజే గుర్తుంచుకోవాల్సింది. గుర్తుంచుకోలేదు.

కామాలు, ఏడుపులు

మా ఆఫీసు ఫిల్మ్ నగర్‌లో ఒక రెండంతస్తుల ఇంట్లో పై అంతస్తు. కింద చిన్న డబ్బింగ్ థియేటరు. నేను మోతీనగర్ నుంచి ఆటోలో వచ్చేసరికి యాదగిరి అప్పటికే వచ్చి ఫ్యాను కింద ప్రూఫులు పరచుకుని కూర్చునేవాడు. యాదగిరి నా జోడీ. ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి, అదీ పద్ధతి. అతను రచయిత పంపిన జాబితా పైకి చదివేవాడు, నేను అచ్చుకి వెళ్ళే ప్రతిలో వేలు పెట్టి పోల్చేదాన్ని. చుక్కలూ కామాలూ కూడా పైకే చదవాలి. "రావు, ఎస్, కామా, కుమార్, పి, చుక్క" అని రోజంతా సాగేది. బయటివాళ్ళెవరైనా వింటే ఇద్దరికీ మతి పోయిందనుకునేవారు.

రెండు అంతస్తులకీ ఏసీ ఒకటే. దాని గొట్టం కింద థియేటర్లోంచి మా గదిలోకి వచ్చేది. చల్లగాలితో పాటు గొంతులూ వచ్చేవి. ఎవరో హీరోయిన్ భర్త పోయి గుండెలు బాదుకుంటుంటే మేం పైన సంపుటి సంఖ్యలు చూసుకునేవాళ్ళం. మొదట్లో నాకు కళ్ళ నీళ్ళు తిరిగేవి. అదే ఏడుపు పదకొండోసారి విన్నాక అలవాటైపోయింది. ఒకసారి కింది సౌండ్ ఇంజనీరు మెట్లెక్కి వచ్చి చాలా మర్యాదగా, "మేడమ్, మీ కామాలు మా హీరోయిన్ ఏడుపులో పడుతున్నాయండీ, ఒక గంట ఆపుతారా" అని అడిగాడు. అప్పట్నుంచి మా రెండు ఆఫీసులకీ ఒక ఒప్పందం కుదిరింది. కింద ముఖ్యమైన సీను ఉంటే ఫోన్ చేస్తారు, మేం నోరు మూసుకుంటాం.

ఏసీ స్విచ్చు మా అంతస్తులో, నా కుర్చీ వెనకే ఉండేది. కింద గుసగుసల సీన్లు ఉన్న రోజు ముందే ఫోన్ వచ్చేది. గుసగుస చెప్పేటప్పుడు మైకు సన్నని చప్పుడు కూడా పట్టేస్తుంది కాబట్టి ఏసీ ఆగాలి. ఆగితే గది ఉడికిపోతుంది. అందుకని ముందు గదిని మంచుగడ్డలా చేసి, టేకు మొదలవగానే ఆపి, అవగానే మళ్ళీ పెట్టాలి. "మేడమ్, ఫుల్లుగా పెట్టండి. మేడమ్, ఆపండి." అలా రోజుకి పాతికసార్లు లేచి తిప్పేదాన్ని. యాదగిరి నవ్వేవాడు. "సినిమాలల్ల మీ పేరు వెయ్యాలె మేడం, ఏసీ కరుణ అని." కరుణ నా పేరు.

ఈ సంగతి ఎందుకు ఇంత సాగదీస్తున్నానో తర్వాత తెలుస్తుంది. నాకే చాలా ఆలస్యంగా తెలిసింది.

దొరకనిది ఆధారం కాదు

మా ఎడిటర్ గారు డాక్టర్ పరంధామయ్య గారు. జూబ్లీ హిల్స్‌లో ఇల్లు, పెద్ద ప్రాక్టీసు. ప్రూఫులు డ్రైవరు చేత పంపేవారు, ఎర్ర సిరాతో నిండి తిరిగొచ్చేవి. కోపిష్టి, కానీ కోపానికి కారణం ఎప్పుడూ ఉండేది. ఇలాంటి బాసు దొరికితే అదృష్టమని కొత్తవాళ్ళకి చెబుతున్నాను. చేరిన వారంలో ఆయన నాకు ఒకే సూత్రం చెప్పారు. "చదివేవాడు వెళ్ళి తెచ్చుకుని చూడగలిగిందే ఆధారం. దొరకనిది ఆధారం కాదు. ఎవరో నాతో ఫోన్లో చెప్పారు, కాఫీ తాగుతూ చెప్పారు, అలాంటివి జాబితాలో కనిపిస్తే తీసెయ్." మంచి సూత్రం. ఇప్పటికీ మంచి సూత్రమే అంటాను.

డాక్టర్ స్వప్న అని కుర్ర డాక్టరు ఒక వ్యాసం పంపింది. డబ్బింగ్ కళాకారుల గొంతు సమస్యల మీద. వ్యాసం బాగుంది. అందులో ఒక వాక్యం అందరి దృష్టినీ ఆకర్షించింది. గట్టిగా అరిచే సీన్లు చెప్పిన రోజుల కంటే, గుసగుస సీన్లు చెప్పిన రోజుల తర్వాతే డబ్బింగ్ కళాకారుల గొంతు ఎక్కువ దెబ్బతింటుంది అని. ఆ వాక్యానికి పద్నాలుగో నంబరు ఆధారం.

యాదగిరి పద్నాలుగు దగ్గర చదవడం ఆపాడు. "గిదేంది మేడం? వాల్యూం లేదు, పేజీలు లేవు. ఉత్త మనిషి పేరే ఉన్నది."

చూశాను. రత్నకుమారి, డబ్బింగ్ కళాకారిణి, రచయితతో జరిపిన సంభాషణ. అంతే. ఎర్ర సిరాతో కొట్టేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పత్రికలో ఆధారాలకి వరస నంబర్లు. పద్నాలుగు తీసేస్తే పదిహేను పద్నాలుగవ్వాలి, పదహారు పదిహేనవ్వాలి. చివరి దాకా జాబితాలోనూ, వ్యాసం మధ్యలోనూ చేత్తో దిద్దాలి. ఆ సాయంత్రమే ప్రెస్సుకి పంపాలి. ఎర్రగడ్డలో కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్ళాలి. అన్ని అంకెలు జరిపే ఓపిక లేక స్వప్నకి మెయిల్ పెట్టాను. "పద్నాలుగో ఆధారం మా నియమాలకు సరిపోదు. దయచేసి దాని స్థానంలో వేరే ఆధారం ఇవ్వగలరు" అని. ఈ వాక్యం ఎంత వింతగా ఉందో చూడండి. మాట ఎవరిదో తెలిసి కూడా, ఇంకెవరి పేరైనా తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టమని అడిగాను.

అరగంటలో జవాబొచ్చింది. విదేశీ పత్రికలో వచ్చిన పెద్ద సమీక్షా వ్యాసం. రచయితలు ముగ్గురు, సంపుటి ఉంది, పేజీలున్నాయి. నేను బద్ధకస్తురాలిని కాదు, ఆ వ్యాసం నిజంగా ఉందో లేదో వెతికాను. ఉంది. శీర్షిక సరిపోయింది, పేజీలు సరిపోయాయి. లోపల ఏముందో చదవలేదు. అది నా పని కాదనుకున్నాను. చుక్కలూ కామాలూ ముత్యాల్లా పేర్చి పంపేశాను. ఆ సంచికలో అన్నిటికంటే అందమైన రిఫరెన్సు అదే అయి ఉంటుంది.

పైకి వచ్చిన మనిషి

ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో మా పాత సంచిక. నోరు విప్పగానే ఆ గొంతు నాకు తెలుసనిపించింది. ఎక్కడ విన్నానో వెంటనే తట్టలేదు.

"ఈ పత్రికలో పేర్లు చూసేది మీరేనాండీ?" అంది.

"నేనేనండీ. కూర్చోండి."

కూర్చోలేదు. సంచిక తెరిచి పద్నాలుగు మీద వేలు పెట్టింది. "నా పేరు రత్నకుమారి. ఈ గుసగుసల మాట డాక్టరమ్మకి చెప్పింది నేను. నా పేరు వేస్తానని కాగితం మీద రాసి చూపించింది కూడా. అచ్చులో ఇంకెవరివో పేర్లున్నాయి. తీసిందెవరండీ?"

అప్పుడు తట్టింది. ఏసీ గొట్టంలోంచి ఏళ్ళ తరబడి నేను విన్న ఏడుపు ఆమెది. చదివేవాడికి దొరకదని నేను కొట్టేసిన ఆధారం మా కింది అంతస్తులోనే ఉంది. బహుశా నేను కొట్టేస్తున్న సమయానికి కూడా గొట్టంలోంచి వినిపిస్తూనే ఉండి ఉంటుంది.

"నేనే తీశానండీ," అన్నాను.

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. నెమ్మదిగా తన సంగతి చెప్పింది. ఒక పేరున్న హీరోయిన్‌కి మొదటి సినిమా నుంచీ ఈమే గొంతు. కొత్తగా మొదలైన సినిమా దెయ్యం కథ, సగానికి సగం గుసగుసలే. అన్నీ వరసపెట్టి చెబితే తన గొంతు పోతుందని, మధ్యలో రోజులు విడిచి రికార్డింగులు పెట్టించమని కోఆర్డినేటర్ని అడిగింది. డబ్బింగ్‌కి మనుషుల్ని పిలిచేది ఆ కోఆర్డినేటరే. అతను, "అదంతా వయసు రత్నమ్మా, చెప్పలేకపోతే చెప్పు, కొత్త పిల్లలున్నారు" అన్నాడు. ఈమె మా పత్రిక తీసుకెళ్ళి చూపించింది. అతను దాన్ని తనకి తెలిసిన డాక్టరుకి పంపాడు. ఆ డాక్టరు నేను చేయని పని చేశాడు. ఆ విదేశీ వ్యాసం తెరిచి చదివాడు. అందులో గుసగుసల గురించి ఒక్క ముక్క లేదని చెప్పాడు.

"ఎవరో ఉత్తినే రాశారు, దీన్ని పట్టుకొచ్చావా అని నవ్వాడండీ," అంది రత్నకుమారి గారు. "ఆ హీరోయిన్ గొంతు నాదండీ. అది పోతే నాకు ఇంకేం లేదు. నా మాట నాదని రాసి ఉంటే, అబద్ధమని నన్ను అనేవాడేమో. ఇప్పుడు నిజంగానే అబద్ధమైపోయింది."

యాదగిరి ప్రూఫులు సర్దుతూ తల దించుకునే అన్నాడు. "గా దినం చదివింది నేనే మేడం. ఉత్త మనిషి పేరు అన్న."

ఆమె వెళ్ళాక నేనూ ఆ వ్యాసం తెప్పించి చదివాను. నిజంగానే లేదు. స్వప్నకి ఫోన్ చేస్తే ఏడ్చినంత పనిచేసింది. "మీరు వేరేది ఇవ్వమన్నారు మేడమ్, టైమ్ లేదు, టైటిల్ చూసి ఇచ్చేశాను" అంది. ఇంకా వెతికితే మరో చిక్కు బయటపడింది. వేరే పత్రికల్లో రెండు వ్యాసాలు అప్పటికే ఆ గుసగుసల మాట రాసి, ఆధారంగా మా వ్యాసాన్ని చూపించాయి. వాళ్ళు మా వైపు వేలు చూపిస్తున్నారు, మేం విదేశీయుల వైపు చూపిస్తున్నాం, ఆ విదేశీయులకి అసలు ఈ సంగతే తెలియదు.

నాకు బుర్ర తిరిగిపోయింది. సూత్రం తప్పా? కాదు. స్వప్న మొదట రాసింది తప్పా? కాదు, నిజాయితీగా రాసింది. నేను కొట్టేయడం తప్పా? నియమం ప్రకారం చేశాను. ఎవరికి వారు తమ పని చేశారు. అన్నీ కలిసి ఒక ఆడమనిషి నోట్లో మాట లాగేసి అబద్ధం చేశాయి. ఇదెలా జరిగిందో వారం రోజులు ఆలోచించాను. చపాతీలు మాడ్చాను కానీ జవాబు దొరకలేదు.

ఎడిటర్ గారింట్లో

జూబ్లీ హిల్స్ వెళ్ళి పరంధామయ్య గారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సవరణ వేద్దామంటావు. ఏమని వేస్తాం? పద్నాలుగో ఆధారం తప్పు, దాని బదులు ఏమీ లేదు అనా?"

"రత్నకుమారి గారి పేరు వేద్దామండీ."

"దొరకనిది ఆధారం కాదు కరుణా."

"దొరుకుతారండీ. మా ఆఫీసు కిందే ఉంటారు."

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "సరే. ఆవిడ చెప్పింది నిజమో కాదో నీకు తెలుసా?"

"నిజమో కాదో నాకు తెలియదండీ. చెప్పింది ఎవరో తెలుసు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత అన్నారు. "ఎడిటర్‌కి ఉత్తరం రాయమను. ఉత్తరాలు మనం అచ్చు వేస్తాం. ఉత్తరానికి పేరుంటుంది, సంపుటి ఉంటుంది, పేజీ ఉంటుంది. అప్పుడు ఎవరైనా తెచ్చుకుని చదవచ్చు. అదే సంచికలో సవరణ వేసి, పద్నాలుగు దగ్గర ఆ ఉత్తరం పెట్టు."

"వ్యాసం ముందొచ్చింది, ఆధారం తర్వాత వస్తుంది కదండీ."

"వస్తుంది. నాకూ అయోమయంగానే ఉంది. ఇంతకంటే తోవ ఉంటే నువ్వే చెప్పు."

నేను రత్నకుమారి గారికి కబురు పెట్టాను.

ఆమె సొంత మాట

ఉత్తరం మా ఆఫీసులోనే రాశాం. రత్నకుమారి గారు తెలుగులో చెప్పాలి, స్వప్న ఇంగ్లీషులో పెట్టాలి, నేను చదివి మళ్ళీ తెలుగులో వినిపించాలి. ఆమె మొదట గొంతు సవరించుకుని, "ఇన్నేళ్ళలో ఎవరో రాసిందే చెప్పానండీ, సొంతంగా చెప్పమంటే భయంగా ఉంది" అంది.

చెప్పింది. స్వప్న రాసింది. నేను వినిపించాను. "గుసగుస సీన్ల తర్వాత డబ్బింగ్ కళాకారుల గొంతు ఎక్కువ దెబ్బతింటుంది."

"నేనలా అనలేదండీ," అంది రత్నకుమారి గారు.

స్వప్న పెన్ను ఆగిపోయింది. "అదేంటండీ, వ్యాసంలో ఉన్నది అదే కదా."

"వ్యాసంలో నువ్వు రాశావమ్మా. నేను చెప్పింది నా గురించి. ఇంకో ఇద్దరు కూడా అలాగే అన్నారు, వాళ్ళ గురించి. డబ్బింగ్ వాళ్ళందరికీ అని నేనెలా అంటాను? అందరి గొంతులూ నాకేం తెలుసు?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ వాక్యం పక్కన ఆమె పేరు ఉన్నంతవరకూ అది ఒక మనిషి మాట. పేరు తీసి ముగ్గురు విదేశీ పండితుల్ని కూర్చోబెట్టేసరికి అది లోకానికంతటికీ వర్తించే సత్యమైపోయింది. స్వప్న కాస్త సాగదీసింది నిజమే. పేరు అక్కడే ఉంటే చదివినవాళ్ళెవరైనా, ఒక్కావిడ చెబితే అందరికీ ఎలా అంటారమ్మా అని అడిగేవారు. ఆ అడిగే అవకాశాన్ని తీసేసింది నేను.

స్వప్నే నసిగింది. "అందరికీ అని ఉంటేనే మీకు బలమండీ. ముగ్గురే అని రాస్తే ఆ కోఆర్డినేటర్ వింటాడా?"

రత్నకుమారి గారికి ఏం పోతుందో గదిలో అందరికీ తెలుసు. "వినడు," అంది. "అయినా నేను అన్నదే రాయండి. రేపు నా పేరు కింద నేను అనని మాట ఉంటే, మీ పత్రికకీ నాకూ తేడా ఏముందండీ?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. చిన్న మాటే రాశాం. నాకు, నాకు తెలిసిన మరో ఇద్దరికి, అని. ఉత్తరం అచ్చయింది, సవరణ అచ్చయింది. కోఆర్డినేటర్ చదివి, "ముగ్గురికైతే అందరికీ రూలెందుకు" అని ఆ సినిమా వేరే అమ్మాయికి ఇచ్చేశాడు. ఆ హీరోయిన్‌కి ఇప్పుడు ఆ అమ్మాయే గొంతు. రత్నకుమారి గారు అమ్మ పాత్రలు, అత్త పాత్రలు చెబుతోంది. నన్ను ఒక్క మాట అనలేదు. మెట్ల దగ్గర కనిపిస్తే, "భోజనం అయిందా కరుణ గారూ" అంటుంది. ఆ పలకరింపు విన్నప్పుడల్లా సిగ్గేసేది. తప్పు చేసినప్పుడు ఆమెకి నష్టం, తప్పు దిద్దినప్పుడూ ఆమెకే నష్టం. మరి దిద్దడమంటే ఏమిటో నాకర్థం కాలేదు.

ఎర్ర గీత

పోయిన నెల శిరీష ఫోన్ చేసింది. పాత సంచికలన్నీ వెబ్‌సైట్‌లో పెడుతున్నారట. సవరణలు ఉన్నచోట వాటిని కలిపేసి పెడుతున్నారట.

"మేడమ్, ఒక పేపర్ల పద్నాలుగో రిఫరెన్స్ కింద సిస్టమ్ ఎర్ర గీత కొడుతుంది. పేపర్ కన్న రిఫరెన్స్ తర్వాత వచ్చింది. గట్లెట్ల అయితది? తీసెయ్యాల్నా?"

నవ్వొచ్చింది. "ఆమె కిందే ఉంటుంది, వెళ్ళి అడుగు. విన్నాక తీసెయ్యాలనిపిస్తే తీసెయ్," అన్నాను. శిరీష ఫోన్ పెట్టకుండానే మెట్లు దిగింది. చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత ఆ గొంతు.

"కరుణ గారా? నేనింకా ఆ పుస్తకంలో ఉన్నానా?"

"ఉన్నారండీ. పద్నాలుగులో."

"ఒక మాట చెప్పాలండీ. మీరెళ్ళిపోయాక మాకు కొత్త ఏసీ పెట్టారు. చప్పుడు చేయనిది. దాన్ని మాటిమాటికీ ఆపక్కర్లేదు. ఇప్పుడు గుసగుసలు ఎన్ని చెప్పినా నా గొంతుకి ఏమీ కావట్లేదు. మునుపు గుసగుసల రోజున ముందు గడ్డకట్టే చలి, తర్వాత ఉడుకు, మళ్ళీ చలి. గుసగుసల వల్ల కాదేమో, ఆ చలీ ఉడుకూ వల్లేమో అనిపిస్తోంది. అప్పుడు నాకు తట్టలేదు. ఏమో, ఇది కూడా తప్పేమో. ఆ ఉత్తరం మార్చొచ్చాండీ?"

ఆ స్విచ్చు నా వీపు వెనక ఉండేది. గుసగుసల రోజు ఏదో, ఏసీ ఎన్నిసార్లు వేశామో, ఎన్నిసార్లు ఆపామో, ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. స్వప్న వ్యాసం ప్రూఫు చదివిన రోజు కూడా లేచి తిప్పే ఉంటాను. ఊరందరినీ ఆధారం ఏదని అడిగాను, నా దగ్గర ఉన్నది నాకు కనిపించలేదు.

"మేడమ్, మరి ఉంచాల్నా, తియ్యాల్నా?" శిరీష అడుగుతోంది.

"ఉంచమ్మా. అప్పుడు ఆమె అన్నది అదే. ఇప్పుడు అంటున్నది ఇంకో ఉత్తరంగా రాయమను," అన్నాను. ఆ మాట సరైనదో కాదో ఫోన్ పెట్టేశాక కూడా తేల్చుకోలేకపోయాను.

మర్నాడు నేనూ ఒక ఉత్తరం మొదలుపెట్టాను. ఎడిటర్ గారికి. ఎవరి వ్యాసాన్నో సరిదిద్దడానికి కాకుండా, నా పేరు కింద నేను రాస్తున్న మొదటి వాక్యం అది. గుసగుసల సీన్లున్న రోజుల్లో ఏసీని మాటిమాటికీ వేసి ఆపింది నేనని, రోజుకి పాతికసార్లని రాశాను. పాతిక దగ్గర కలం ఆగింది. నాన్న ఉంటే కళ్ళు మూసుకునే "ఎక్కడ?" అనేవారు. నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పాతిక కొట్టేసి, చాలాసార్లు అని రాశాను. కింద నంబర్లేమీ వేయకుండా సంతకం పెట్టాను.